మూడో గడి

మొన్న శనివారం లైసెన్సు చేతికొచ్చిన సంతోషంలో మా మనుమరాలు తన ఫోను తెచ్చి, డ్రైవింగ్ స్కూల్లో ఏ పాఠానికి ఎన్ని చుక్కలు పడ్డాయో చూపించింది. స్టీరింగు, మలుపులు, పార్కింగు అన్నీ రంగురంగుల్లో ఉన్నాయి గాని, నేను వెతికిన గడి మాత్రం లేదు. అడిగితే, తన కారుకు అసలు క్లచ్చే లేదని నవ్వింది.

మా రోజుల్లో అది అట్టకార్డు. స్టీరింగు, గేర్లు, హాఫ్ క్లచ్, రివర్సు, రోడ్డు అని అయిదు గడులు. ఒకటి నిండితేనే పక్కదానికి పోవాలి. అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. మావారి చూపు మందగించి కారు షెడ్డులో పడి ఉంది. ఆయన్ను నిజామాబాద్‌లో కంటి డాక్టరుకు చూపించాలన్నా, మాక్లూర్‌లో ఉన్న మా అమ్మను చూసి రావాలన్నా మా మరిదికి తీరిక దొరకాలి. మంచి చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడడం, అతడు రాడని తేలాక మళ్లీ పాత చీర కట్టుకోవడం నాకు అలవాటైపోయింది. చివరికి ఆ మరిదే, "కోళ్లు గుడ్లు పెట్టనీకి ఉంచుకుంటరా వదినె గా కారు? క్రిస్మస్ దాటినంక నేను తీస్కపోత" అన్నాడు. మర్నాడే నేను డ్రైవింగ్ స్కూల్లో చేరాను.

మాస్టరు కూర్చునే పక్క కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. నేనే నడుపుతున్నానని మురిసేలోగా కింద ఆయన పాదం కదిలేది. రెండు గడులు తొందరగానే నిండాయి. మూడోది, క్లచ్‌ను సగమే వదిలి కారును అంగుళం అంగుళం జరిపే పాఠం, వారాలు గడిచినా ఖాళీయే. చక్కెర ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన చెరకు బండ్ల మధ్య కారును ఇరికించి, ఆయన పాదం అవసరం పడకుండా గేటు దాటిస్తేనే ఆ గడి నింపడం ఆయన పద్ధతి. సందు ఇస్తే ఇంకో బండి దూరుతుంది. తొందరపడితే ముందు బండిలోని గడలు అద్దంలోకి వస్తాయి.

క్రిస్మస్‌కు ముందు చివరి పాఠం. ముందు ఎడ్లబండి, వెనక ట్రాక్టరు, పక్కన లారీ. తలుపు తెరవడానికి కూడా చోటు లేదు. ఇంజను మాటిమాటికీ ఆగిపోతోంది. ముందు బండి మీది ముసలాయన వెనక్కి తిరిగి, "ఓ అక్కా, జర్ర ఆగు, మా ఎడ్లను నీ కారుకు కడ్త, గుంజుకపోతయి!" అంటే వరుసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. మాస్టరు చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుని, "ఇగ నాకు కాళ్లు లేవనుకో అమ్మా" అని కళ్లు మూసుకున్నాడు. నేను ఎడమకాలు మెల్లగా లేపి, కారు వణుకు అరికాలికి తెలిసిన చోట ఆపి, ఎడ్లు ఎంత జరిగితే అంతే జరుగుతూ గేటు దాటాను.

ఆ తర్వాత లైసెన్సూ వచ్చింది, కారూ ఇంట్లోనే ఉంది. మరిది వెనక సీట్లో కూర్చుని "బ్రేక్, వదినె, బ్రేక్" అంటూ మాక్లూర్ దాకా వచ్చాడు.

ఈ ఏడు చూపు చాలక నా లైసెన్సు పొడిగించలేదు. ఎవరి తీరిక కోసమో చీర మార్చుకుని కూర్చునే రోజులు మళ్లీ వచ్చాయి. ఆ శనివారం సాయంత్రం మనుమరాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బోధన్ తీసుకెళ్లింది. మూతబడిన ఫ్యాక్టరీ ముందు రోడ్డు బోసిగా ఉంది, ఆగవలసిన పనే లేదు. అయినా నా కాలు ఊరికే కింద నొక్కుతూనే ఉంది. "భయమైతుందా అవ్వా?" అంది పిల్ల. కాదని చెప్పి, చెప్పులు విడిచి, కాళ్లు సీటు మీదికి మడుచుకోబోయాను. మోకాళ్లు వంగలేదు.