ఖాళీ ఊరికి సలాం

ఒమాన్‌లోని అల్ మవాలేలో సైకిళ్లు బాగుచేసే నన్ను, మెకానిక్‌గా తోడు రమ్మని కొందరు కస్టమర్లు హెలికాప్టర్‌లో జబల్ అఖ్దర్ కొండ మీదికి తీసుకెళ్లారు. సైకిళ్ల మీద కిందికి దిగేటప్పుడు అందరికంటే వెనక నేనే. దారిలో జనం ఎప్పుడో వదిలేసిన మట్టి ఇళ్ల ఊరొకటి వచ్చింది. బ్రేకు కూడా వెయ్యకుండా దాటేశాను.

ఊరి చివర మేకలు కాస్తున్న ఒమానీ ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "సలాం చెప్పావా?" అన్నాడు హిందీలో.

"ఎవరికి చాచా? లోపల ఎవరూ లేరు కదా."

"ఖాళీ ఇంటికైనా చెప్పాలి. వెళ్లి చెప్పి రా."

పెద్దాయన మాట తీసెయ్యలేక, సైకిల్ అక్కడే పెట్టి వెనక్కి నడిచాను. తలుపు లేని మొదటి ఇంటి ముందు నిలబడి సలాం చెప్పాను. గాలి ఆగిపోయింది. లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతు, నిద్రలో పలికినట్టు నెమ్మదిగా, "వాలేకుం సలాం" అంది.

తిరిగొచ్చేసరికి ఆయన నా మొహమే చూస్తున్నాడు. "జవాబు వచ్చిందా?"

"లేదు చాచా," అని అబద్ధమాడాను.

"మంచిది. వచ్చుంటే లోపల కూర్చుని, వాళ్లు పోసే కహ్వా కాఫీ తాగే కదలాలి. జవాబిచ్చిన ఇంటిని కాదని పోకూడదు."

కిందికి చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు నుంచి ఇక్కడ ఎవరు కహ్వా పోసినా వద్దనకుండా తాగుతున్నాను.