చేతిలో బరువు కింద పెట్టి నిలబడండి

సహోదరులారా, సహోదరీలారా, పాట కోసం మందిరమంతా లేచినప్పుడు వెనుక వరుసలో, గోడ పక్కన, కుర్చీలోనే కూర్చుని ఉండే ఒక ఆడమనిషిని మీరు చాలాసార్లు చూసే ఉంటారు. అది నేనే. నడుము నొప్పి అని అడిగిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని, అది అబద్ధం కాదు, నిలబడిన కాసేపటికే ఎడమ తుంటి దగ్గర మొదలై మడమ దాకా నిప్పులా పాకేది, కానీ లేచి నిలబడితే నా పక్క ఖాళీగా ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నేను టైలర్ని. ఐదో తరగతితో బడి మానేసి, కొలతలూ భాగహారాలూ నా అంతట నేనే నేర్చుకుని జాకెట్లు కుడుతున్నాను. పావు అంగుళం తేడా వచ్చినా కుట్టు విప్పి మళ్ళీ వేసే అలవాటు నాది, అందుకే ఈ సాక్ష్యంలో కూడా జరిగినదానికి ఏమీ కలపను, ఏమీ తగ్గించను.

మా కూతురు షారోనుకు పుట్టినప్పటి నుంచీ కాళ్ళలో బలం లేదు. కత్తెర పట్టాలన్నా, పొయ్యి మీది గిన్నె దించాలన్నా కుడి చెయ్యి కావాలి కాబట్టి బిడ్డను ఎప్పుడూ ఎడమ చంకనే ఎత్తుకునేదాన్ని, దవాఖానకైనా అంగడికైనా మందిరానికైనా అదే దాని జాగ, పెద్దదై కాళ్ళు నా మోకాళ్ళ దాకా వేలాడుతున్నా అదే జాగ! గజ్వేల్ బస్సులో కండక్టరు ఒకసారి "గంత పెద్ద పిల్లను ఎత్తుకున్నవేందమ్మా, దించరాదూ" అంటే, అది నా మెడ చుట్టూ చెయ్యి బిగించి "నేను దిగ, మా అమ్మనే నా సీటు" అంది, బస్సంతా నవ్వింది. మందిరంలో అందరూ లేచినప్పుడు నేను దాన్ని పైకి ఎగేసుకుని నిలబడేదాన్ని, నా చెవిలోనే రాగం తప్పి గట్టిగా పాడేది. ఒక వానాకాలం ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ప్రభువు తీసుకున్నాడు.

నొప్పి ఆ తరువాత వచ్చింది. మోసినన్ని ఏళ్ళూ రాని నొప్పి, దించిన తరువాత! డాక్టర్లు ఫొటోలు తీసి ఎముకలు బాగానే ఉన్నాయన్నారు, గోళీలు రాశారు. "ప్రభువా, ఈ నొప్పి తీసెయ్యి" అని మోకరించి అడిగాను, మోకరించలేనప్పుడు మంచంలో పడుకుని అడిగాను, ఆకాశం మూసుకుపోయినట్టే ఉండింది.

ఆ రోజుల్లో మా గల్లీలోకి కొత్తగా కిరాయికి వచ్చిన నస్రీన్ అనే అమ్మాయి నా దగ్గర బట్టలు కుట్టించుకునేది. ఒక వెల్‌నెస్ సెంటర్‌లో పని చేస్తుంది. మనిషి నిలబడే తీరును ఫోనులో ఏఐతో చూసి, ఏ వైపు వంగిందో చెప్పే పద్ధతి అక్కడ కొత్తగా పెట్టారట.

"ఆంటీ, ఊళ్ళె అందరి కొలతలు నువ్వు తీస్తవు, నీ కొలత ఎవరు తీయాలె? రా, నేను తీస్త" అంది.

నేను సందేహిస్తుంటే మా ఆయన ప్రకాశం, "పో రాదు, దేవుడు ఫోన్ల నుంచి మాట్లాడొద్దని ఏమన్న రాసి ఉన్నదా?" అని నవ్వాడు. ఆ మాట ఆయన వట్టిగానే అన్నాడు సహోదరులారా!

నస్రీన్ నన్ను తెల్లగోడ ముందు నిలబెట్టి, స్టాండుకు ఫోను బిగించింది. ఫొటోలో చెవులకు, భుజాలకు, తుంట్లకు, మోకాళ్ళకు చుక్కలు పడి, వాటిని కలుపుతూ గీతలు రావాలట. నాకు గీతలు రాలేదు, ఒక మాట వచ్చింది. "చేతిలో బరువు కింద పెట్టి నిలబడండి."

"ఆంటీ, సంచి పట్టుకున్నవా ఏంది?"

"లేదు బిడ్డా, చూడు, రెండు చేతులూ ఖాళీనే."

మళ్ళీ తీసింది, మళ్ళీ అదే మాట. "దీనికి కండ్లు పోయినయి" అని తిట్టుకుంటూ ఆ మాటను పక్కకు జరిపి గీతలు తెప్పించింది, తెప్పించాక తిట్టడం ఆపేసింది. ఎడమ తుంటి పైకి లేచి బయటికి ఉంది, కుడి భుజం కిందికి జారింది, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కొంచెం మడిచే ఉంది. "ఫోను తప్పు కాదు ఆంటీ. ఏదన్న మోసేటోళ్ళే గిట్ల నిలబడుతరు. ఈ దిక్కు ఏం మోసేదానివి?" అని అడిగింది. "ఇది సక్కగ కావాలంటే ఏం చెయ్యాలె, అది చెప్పు బిడ్డా" అని మాట మళ్ళించాను.

ఇంటికి వచ్చి అద్దం ముందు నా టేపుతో నేనే కొలుచుకున్నాను. నా టేపు కూడా అదే చెప్పింది.

నస్రీన్ నేర్పిన వ్యాయామాలు నేను చెయ్యలేదు. "గోడకు ఆనుకొని నిలబడుడు గూడ బరువేనా నీకు?" అని మా ఆయన దెప్పినా చెయ్యలేదు. ఆ ఒంపు పోతే నా బిడ్డ కూర్చున్న జాగ పోతుంది కదా! బట్టలు పంచిపెట్టాం, మంచం ఇచ్చేశాం, మిగిలింది నా ఒంట్లో ఆ ఒంపు ఒక్కటే.

ఒక మధ్యాహ్నం మిషను ఆపి, లేచి, ఎప్పుడూ నిలబడేటట్టే తుంటి పక్కకు పెట్టి, ఎడమ చెయ్యి చుట్టి ఇలా ప్రార్థించాను. "ప్రభువా, నొప్పి తీసెయ్యి అన్న, గని బిడ్డను మాత్రం ఇయ్యలే. ఇదిగో, ఎత్తుకో. దానికి ఎడమ సంకనే అలవాటు, నువ్వు గూడ ఎడమ దిక్కే ఎత్తుకో. పాడుతది, రాగం తప్పుతది, ఏమనకు." ఆ చెయ్యి విప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. విప్పాను. మిషను మీద తల పెట్టి, అది పోయిన రోజు కూడా ఏడవనంత ఏడ్చాను.

నొప్పి ఆ గడియలోనే పోయిందని చెప్పను, పోలేదు. కానీ మరునాడు గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఆ మరునాడూ నిలబడ్డాను. నెలలు గడిచే కొద్దీ నిప్పు మోకాలి దగ్గర ఆగింది, తరువాత తుంటి దగ్గర ఆగింది, తరువాత ఆరిపోయింది. దేవునికే మహిమ! మొన్న నస్రీన్ మళ్ళీ ఫొటో తీస్తే ఫోను బరువు దించమని అడగలేదు, నేరుగా గీతలు గీసింది, ఎడమ వైపు మాత్రం రవ్వంత ఎత్తు మిగిలింది.

"ఇంకొన్ని దినాలు చేస్తే ఇది గూడ పోతది ఆంటీ" అంది.

"ఉండనియ్యి బిడ్డా, గంత మాత్రం ఉండనియ్యి" అన్నాను. అప్పుడు ఆమెకు షారోను సంగతి చెప్పాను. ఆ పిల్ల కండ్లు తుడుచుకుని ఫోను జేబులో పెట్టుకుంది.

సహోదరులారా, బిడ్డ మీద ఆశ నాకు తీరలేదు, ఆ బరువు కోసం ఈ రోజుకీ నా చెయ్యి తనంతట తానే మడుచుకుంటుంది. అయినా ఈ రోజు నేను మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను! వెనుక వరుసలో ఇంకా కూర్చున్న వాళ్ళు ఉన్నారు, మీ చేతుల్లో మాకు ఏమీ కనబడకపోవచ్చు, ఆయనకు కనబడుతుంది, ఆయన చేతులకు ఇవ్వండి. ఇప్పుడు పాటకు లేద్దాం. ఒంటరిగా నిలబడలేని వాళ్ళు ముందుకు రండి, నా ఎడమ పక్కన జాగ ఉంది.