ఆయన చూడలేని పుండు

ఈ మాట ఇన్నేళ్ళుగా నా గొంతు దాటి రాలేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు కూడా దీని పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా భర్తకు మానుతున్న పుండును మళ్ళీ రేపింది నేను.

ఆయన పేరు దానియేలు. లారీ డ్రైవరు. భద్రాచలం దాటి అడవిలోకి పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. జామాయిలు కర్ర తోలేవాడు, సీజన్లో ఖమ్మం యార్డుకు మిర్చి తోలేవాడు. ఇంటికి వచ్చేది స్నానానికి, నిద్రకు. నేను వండింది తింటూ కూడా ఫోన్లో లోడు గురించే మాట్లాడేవాడు. పెళ్ళయినా నాకు ఆయన దొరకలేదు.

ఒకరోజు లోడు మీద తాడు బిగిస్తూ జారి పడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. దవాఖానాలో కదలకుండా పడుకోబెట్టిన రోజుల్లోనే వెన్ను చివర పుండు పడింది.

ఇంటికి తెచ్చాక నేనే అన్నీ నేర్చుకున్నాను. కాసేపు ఈ పక్కకు, కాసేపు ఆ పక్కకు తిప్పడం. మోకాళ్ళ మధ్య దిండు పెట్టడం, దుప్పటి ముడత పడకుండా లాగడం, తడి తగలనివ్వకపోవడం. కట్టు మార్చడానికి మా ఊరి నర్సమ్మ వచ్చేది. ఆయన నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. రాత్రిపూట అడవి దారిలో లారీ ఆగిపోతే భయమేసి పాటలు పాడుకునేవాడినని చెప్పాడు. అంత పెద్ద మనిషికి చీకటంటే భయమని నాకు అప్పుడే తెలిసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అవి నా జీవితంలో మంచి రోజులు. కాళ్ళు చచ్చుబడిన మనిషి పక్కన కూర్చుని సంతోషపడిన ఆడదాన్ని ఏమంటారు?

పుండు చిన్నదైంది. పైన పల్చటి కొత్త చర్మం వచ్చింది. హైదరాబాదులో ఒకచోట చక్రాల కుర్చీలో సొంతంగా బతకడం నేర్పుతారని, చేతులతోనే నడిపే ఆటో కూడా నేర్పుతారని నర్సమ్మ చెప్పింది. కొన్ని నెలలు అక్కడే ఉండాలి. తోడుగా ఇంటివాళ్ళను ఉండనివ్వరు. పుండు పూర్తిగా మానితేనే తీసుకుంటారు.

ఆ రోజు ఆయన ముఖం మీరు చూసి ఉండాల్సింది. మళ్ళీ రోడ్డు. నా ముఖం మాత్రం ఆయన చూడలేదు.

"దిండ్లకు ఒరిగించి ఎక్కువసేపు కూసోబెట్టకు," అని నర్సమ్మ నాకు మరీ మరీ చెప్పింది. "బరువంతా ఆ కొత్త తోలు మీదనే పడ్తది. ఎర్రగైతే వేలితోని నొక్కి చూడు. తెల్లగ కాకపోతే జల్దీ పక్కకు తిప్పు."

నాకు అర్థం కాలేదని అనలేను. బాగా అర్థమైంది.

ఆయనకు కిటికీలోంచి రోడ్డు చూడటం ఇష్టం. మధ్యాహ్నం కూర్చోబెట్టమన్నాడు, కూర్చోబెట్టాను. అన్నం తినిపించాను. కబుర్లు చెప్పుకున్నాం. ఎండ వాలినా పడుకోబెట్టలేదు. పక్కకు తిప్పినప్పుడు ఆ చోటు ఎర్రగా కమిలి ఉంది. వేలితో నొక్కాను. ఎరుపు అలాగే ఉంది.

"ఎట్లుందే? చూసి చెప్పు," అన్నాడు గోడవైపు తిరిగి.

"మంచిగనే ఉంది."

"నిజంగనా? ఎక్కువసేపు కూసున్న గదా."

"అవ్, నిజంగనే. నేను చూస్తున్న గదా, నీకెందుకు రంది?"

"నువ్వున్నవనే నా ధైర్యం," అన్నాడు.

మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టాను. ఆ తర్వాత కూడా. ఆయన వీపు ఆయనకు కనపడదు, నొప్పి తెలియదు. చూసేది నేనొక్కదాన్నే. చర్మం నల్లబడి చిట్లేదాకా బాగుందనే చెప్పాను.

మళ్ళీ వచ్చినప్పుడు నర్సమ్మ పుండు చూసి నా వైపు చూసింది. టైముకు తిప్పుతూనే ఉన్నానన్నాను. ఆయన నా చేయి పట్టుకుని, "నువ్వేం జేస్తవే, నా నసీబు గిట్లుంది," అని నన్నే ఓదార్చాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే, అదే నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆ తర్వాత ఎంత ఒళ్ళు వంచి చేసినా పుండు నా మాట వినలేదు. లోపలికి, ఎముకదాకా పోయింది. హైదరాబాదు మాట ఆయన ఎత్తడం మానేశాడు. నాతో మాటలు కూడా తగ్గిపోయాయి. ఎవరిని ఉంచుకోవాలని ఇదంతా చేశానో ఆ మనిషి మంచం మీద ఉండగానే నాకు దూరమయ్యాడు. వానాకాలంలో జ్వరం పట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో పోయాడు.

సమాధి దగ్గర పాస్టరుగారు నా ఓపికను అందరి ముందూ మెచ్చుకున్నారు. తలవంచుకుని విన్నాను.

నేను ఆయన్ని చంపాలనుకోలేదు. ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉండాలనుకున్నాను, అంతే. ఈ "అంతే" అన్న మాటను ఎన్నిసార్లు తిప్పి చూసినా దాని కింద నేనే కనపడతాను. ఆయన ఏదో ఒక ఊళ్ళో ఆటో నడుపుకుంటూ, నన్ను మర్చిపోయి అయినా సరే, బతికి ఉంటే బాగుండునని ఇప్పుడు కోరుకుంటాను. ఈ కోరిక అప్పుడు రావలసింది.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి లేడు. ఆయన నమ్మిన అబద్ధాన్ని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే ఎరుగుదును. ఇప్పుడు మీకూ తెలిసింది. ఊపిరి కాస్త ఆడుతోంది.