గట్టెక్కి అడిగిన ప్రశ్న

మా సోషల్ టీచరుగారు మొన్న పోయారు. తాడేపల్లిగూడెం మార్కెట్లో వంకాయలు బేరమాడుతుంటే ఊరి నుంచి ఫోనొచ్చింది. బేరం వదిలేసి బస్సెక్కాను. దారిపొడుగునా ఏడుపు రావాలి కదండీ. నాకేమో ఆవిడతో ఎప్పుడో ఆగిపోయిన వాదనలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆవిడ తలపే అలాంటిది, మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు.

మాది కొల్లేటి లంక. ఆవిడ బైబిలు చదవనిదే కాఫీ ముట్టేవారు కాదు, ఆదివారం చర్చి మానేవారు కాదు. అలాంటావిడ ఓ రోజు పాఠం మధ్యలో పుస్తకం మూసేసి, "దేవుడు లేడని రేపు తేలిందనుకోండర్రా. ఎల్లుండి పక్కవాడి వల కోసేస్తారా?" అన్నారు.

క్లాసు భగ్గుమంది. కోస్తానని ఒకడు, పాపమని ఇంకొకత్తె.

"దేవుడే లేనప్పుడు పాపమెక్కడిదండీ?" అని నేను లేచాను.

ఆవిడ బల్ల చరిచారు. "అదీ ప్రశ్న. మరి నువ్వు కోస్తావా?"

"కొయ్యనండీ. వాళ్లింట్లో పస్తులుంటారు."

"అది తెలియడానికి దేవుడు కావాలా, కళ్లుంటే చాలా?"

బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. ఇంటికెళ్లి అన్నం ముందు కూడా అదే గొడవ.

సంగతి పాస్టరుగారి దాకా పోయింది. "పిల్లలకి ఇలాంటివెందుకమ్మా, విశ్వాసం పోదూ?" అన్నారాయన. "ప్రశ్నలకి దేవుడు కంగారుపడడండీ. కంగారంతా మనదే," అన్నారట ఈవిడ.

పదిమందికి మేలు జరిగేటప్పుడు ఒకరికి నష్టమైనా ఫర్వాలేదని ఎవరైనా అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "బాగానే ఉంది. ఆ ఒక్కరినీ అడిగారా?" అనేవారు. మాకది వాదనలో గెలిచే ఎత్తులా కనిపించేది.

మేం పదో తరగతిలో ఉండగా వరదొచ్చింది. నీళ్లు మా పేటలోకి ఎక్కుతున్నాయి. అవి సరస్సులోకి పోవాలంటే అడ్డంగా ఉన్న చేపల చెరువుల్లో ఏదో ఒకదానికి గండి కొట్టాలి. పక్కపక్కనే రెండున్నాయి. ఒకటి ఏలూరు ఆసుపత్రిలో మంచం పట్టిన రైతుది. రెండోది టీచరుగారిది, వాళ్ల నాన్నగారు ఇచ్చింది. నేడో రేపో చేపలు పట్టాలి. ఊరి పెద్దలు పొక్లెయిన్ను రైతు చెరువు మీదకి తిప్పించారు. కాదనడానికి ఆయన ఊళ్లో లేడుగా.

టీచరుగారు నీళ్లలో పడి నడుచుకుంటూ వచ్చి, గట్టెక్కి, పొక్లెయిన్ ముందు నిలబడ్డారు.

"ఆయన్ని అడిగారా?"

"ఫోను కలవట్లేదండీ. ఇళ్లు మునిగిపోతున్నాయి, ఏం చెయ్యమంటారు?" అన్నారు సర్పంచిగారు.

"అయితే నన్నడగండి. నేనిక్కడే ఉన్నాను కదా."

ఏడాదంతా మేత వేసి పెంచిన చెరువది. చివరికి సర్పంచిగారే తలొంచుకుని అడిగారు. "కొట్టండి," అన్నారావిడ. నేను పక్కనే ఉండి విన్నాను.

మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "దేవుడేమైనా చెప్పాడా అండీ మీకు?" అంది.

"నేనడగలేదమ్మా. పొయ్యిల్లోకి నీళ్లొస్తుంటే ఇంకా అడగడమేంటి?"

గండి పడింది. పేట నిలిచింది. చెరువులో చేపలు మాత్రం ప్రవాహానికి ఎదురెక్కి మా వీధుల్లోకి వచ్చేశాయి. ఏం సందడండీ అది! ముసలీ ముతకా, బుట్టలు, దుప్పట్లు, ఏది దొరికితే దానితో పట్టాం. అంత సంబరం నేను మళ్లీ చూడలేదు.

పట్టినవాళ్లు పట్టినట్టే వరస కట్టి ఆవిడ గుమ్మం దగ్గరికి తెచ్చి పోశాం.

"ఇదేంటర్రా? నేను తెమ్మన్నానా? పోనీ, దేవుడు చెప్పాడా?"

తడిచీర కొంగు బిగించి, కాళ్ల చుట్టూ బొచ్చెలూ శీలావతులూ ఎగిరెగిరి పడుతుంటే, ఆవిడ ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ అలాగే నిలబడ్డారు.