చూడని గంటలకు సంతకం

ఆమె గురించి మూడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. షెడ్ల యజమానులతో లాలూచీ పడి దుమ్ము కొలతలు తగ్గించి చూపిందని ఒకటి. ప్రొఫెసరు మీద కసితో, తీరా సిద్ధమైన పరిశోధనను కూలదోసిందని రెండోది. రాయి కోసేవాళ్ళ ప్రాణాల కోసం తన బతుకుతెరువును తృణప్రాయంగా వదులుకుందని మూడోది. ఈ మూడోది ఈమధ్య సభల్లో ఎక్కువగా వినిపిస్తోంది. వృత్తి మండలి వేసిన విచారణ సంఘంలో ముగ్గురు సభ్యులలో ఒకడిగా ఆ కాగితాలన్నీ చదివాను. ఆమెను రెండు పూటలు ప్రశ్నించాను. ఆ తర్వాత షెడ్లకూ వెళ్ళి చూశాను. మూడు మాటల్లో ఒక్కదానికీ ఆధారం కనబడలేదు. మూడోది వినడానికి ఇంపుగా ఉంటుంది కనుక దాన్ని సరిదిద్దడం మరీ అవసరం.

విశ్వవిద్యాలయంలో పనిచోట్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే విభాగంలో ఆమె పదకొండేళ్ళుగా నమూనాలు సేకరించేది. మండలి జాబితాలో నమోదైన నిపుణురాలు. ఆ ఏడాది విభాగం తలకెత్తుకున్న పని, వంటగదుల గట్ల మీద పరిచే కృత్రిమ రాతి పలకలు కోసే షెడ్లలో దుమ్ము ఎంత ఉందో తేల్చడం. ఆ దుమ్ములో కంటికి ఆనని భాగమే ప్రమాదకరం. అది ఊపిరితిత్తుల అడుగుకు చేరి, వాటిని మెల్లగా బిగుసుకుపోయేలా చేస్తుంది. నీళ్ళు పోస్తూ కోస్తే చాలావరకు అణుగుతుంది, కానీ పని నెమ్మదిస్తుంది. పొడిగా కోయడాన్ని నిషేధించాలా వద్దా అన్నది ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఈ పరిశోధన చూసి నిర్ణయించవలసి ఉంది.

కొలిచే పద్ధతి ఇది. అరచేతిలో పట్టేంత పంపును పనివాడి నడుముకు కడతారు. దాని గొట్టం వీపు మీదుగా భుజం దాటి వస్తుంది. గొట్టం చివర ఉన్న ఫిల్టరును చొక్కా కాలరుకు తగిలిస్తారు. ఎనిమిది గంటలు అతను పీల్చే గాలినే అదీ పీలుస్తుంది. సాయంత్రం ఆ ఫిల్టరును తీసి తూస్తారు. ఈ పంపుల పెట్టెతో దిగేది కాబట్టి షెడ్లలో ఆమెను ‘పంపులమ్మ’ అనేవారు.

పంపుతో పాటు ఒక ఫారం ఉంటుంది. దాని మీద ఎనిమిది గళ్ళు. గంటకోసారి వెళ్ళి, పంపు నడుస్తోందా, ఫిల్టరు తెరిచి ఉందా అని కళ్ళారా చూసి గడిలో పొడి సంతకం చేయాలి. రోజుకు నాలుగు షెడ్లు, ఒక్కొక్కటి ఊరికి ఒక్కో మూల, చూసే మనిషి ఒక్కతే. ఆమె పొద్దున పంపు కట్టినప్పుడు చూసేది, సాయంత్రం విప్పేటప్పుడు చూసేది, ఎనిమిది గళ్ళూ ఒకేసారి నింపేసేది. ఆ విభాగంలో అందరికీ అదే అలవాటు. పన్నెండు షెడ్లలో మూడు నెలల్లో అరవై నాలుగు ఫిల్టర్లు అలా పోగయ్యాయి. తూకాలు చూసి ప్రొఫెసరు కూడా కాస్త ఆశ్చర్యపోయింది. దుమ్ము పరిమితిలోనే ఉంది!

పని ముగుస్తున్న వారంలో ఒకరోజు ఆమె ఫారాల అట్ట ఒక షెడ్డులో మరిచిపోయి, అరగంటకే వెనక్కి వెళ్ళింది. రంపం దగ్గర నిలబడ్డ పెద్దాయన కాలరు మీద ఫిల్టరు కనబడలేదు. దాని మీద గళ్ళ గుడ్డ సంచి ఒకటి, దారంతో బిగించి ఉంది.

“ఏంటి బాబాయ్ ఇది?”

“టోపీ తల్లీ. మా ఇంటావిడ కుట్టింది. పాత చొక్కా గుడ్డేలే, కానీ ఉతికిందే.”

“దీనికి టోపీ ఎందుకు?”

“ఎందుకంటావేంటి? ఇక్కడి దుమ్ము సంగతి నీకేం తెలుసు! కొత్త ఫ్యాను ఆర్నెల్లు ఆగదు. నీ మిషను పాడైతే రేపు ఆఫీసులో మాట పడేది నువ్వే కదా.”

పక్క బల్ల దగ్గర పాలిషు పెడుతున్నవాడు చేతిలో మిషను ఆపాడు. “మా ముక్కులకే లేని టోపీ నీ పంపుకు పెట్టామమ్మా. అల్లుడికి కూడా ఇంత మర్యాద చేసి ఉండం.”

“బాబాయ్, ఇది దుమ్ము పట్టాలనే పెట్టింది. ఎంత పడితే అంతా తూస్తాం.”

పెద్దాయన రంపం కట్టేశాడు. “మరి ఆ ముక్క ముందే చెప్పొద్దూ? సున్నితమైన వస్తువు, జాగ్రత్తగా చూసుకోండి అని పదిసార్లు చెప్పావు. చూసుకున్నాం. నువ్వొచ్చే వేళకి టోపీ తీసి, తుడిచి మరీ ఇచ్చాం.”

“ఎన్ని కుట్టారు?”

“పన్నెండు. అన్ని షెడ్లకీ పంపాను. ఒకళ్ళకిచ్చి ఒకళ్ళకి ఇవ్వకపోతే బాగుంటుందా?”

టోపీలు రెండో నెల మొదట్లో వచ్చాయట. అంటే అరవై నాలుగింటిలో నలభై ఒకటి ఆ తర్వాత తీసినవే. ఏ ఒక్క గంట మధ్యలో వెళ్ళి చూసినా తొలిరోజే బయటపడేది.

ఇక్కడ మూడో మాట చెప్పేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. ఇది తెలిసిన రోజుకూ, ఆమె తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం ఇచ్చిన రోజుకూ మధ్య పదకొండు రోజులున్నాయి. ఆ పదకొండు రోజుల్లోనే పరిశోధన సారాంశం నియంత్రణ సంస్థకు వెళ్ళింది. దాన్ని కవరులో పెట్టింది ఆమే. ఈ విషయం మేము పట్టుకున్నది కాదు, ఆమే చెప్పింది. ఎందుకు ఆగారని అడిగితే, “భయమేసిందండీ” అంది. చూడనిది చూశానని సంతకం పెట్టినవారి నమోదు రద్దవుతుందని ఆమెకు తెలుసు. నమోదు లేకపోతే ఆమెకు తెలిసిన ఒకే పని చేతిలోంచి పోతుంది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో విచారణలో అతనే చెప్పాడు. ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఆమె జరిగిందంతా చెప్పిందట.

“ఎవరూ అడగందే నువ్వెందుకు చెప్పుకోవడం?” అన్నాడతను. “లిఫ్టులో వేలాడే కార్డు మీద నెలనెలా నేనూ సంతకం పెడతాను. ప్రతి నెలా బ్రేకు విప్పి చూస్తున్నానా ఏంటి?”

ఆమె మడతపెట్టడం ఆపింది. “చూడటం లేదా?”

“అంటే... శబ్దం బట్టి తెలిసిపోతుంది.”

“మనింటి లిఫ్టు కూడా మీరు చూసేదేగా?”

“ఏయ్, నన్నెందుకు లాగుతావ్ మధ్యలో?”

“నేను లాగలేదు. మీరే వచ్చారు.”

అతను మాతో, “తను చెప్పొద్దనే నా కోరిక. ఇప్పటికీ అదే అంటాను” అన్నాడు. దాపరికం లేని సాక్షి.

పన్నెండో రోజున ఆమె ఆ ఉత్తరం పట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్ళింది. ఆ సంభాషణ ఇద్దరూ విడివిడిగా చెప్పారు, ఎక్కడా తేడా రాలేదు.

“నలభై ఒకటీ తీసేద్దాం. కారణం టోపీలని రాద్దాం. అందులో అబద్ధం లేదు కదా?” అంది ప్రొఫెసరు.

“లేదు మేడం.”

“మరి సంతకాల గొడవ ఇప్పుడెవరడిగారు?”

“మిగిలిన ఇరవై మూడింటి మీదా అవే సంతకాలు మేడం. వాటికి ఏ అడ్డూ లేదని ఎలా అంటాం? నేను చూశానని రాశాను కాబట్టే కదా. నేను చూడలేదు.”

“నీ నమోదు పోతుందే, తెలుసా?”

“తెలుసు మేడం.”

“నాకూ మాట వస్తుంది.”

“వస్తుంది మేడం.”

ప్రొఫెసరు ఆ ఉత్తరాన్ని అదే రోజు, ఒక్క అక్షరం మార్చకుండా, మండలికీ నియంత్రణ సంస్థకూ తన సంతకంతో పంపింది. రెండో మాట చెప్పేవారు ఈ తేదీ చూసుకోవాలి. మొదటి మాట సంగతికొస్తే, యజమానులకు టోపీల విషయమే తెలియదు. తెలిసి ఉంటే ఎవరైనా దాచుకుంటారు తప్ప ఆమెతో ఇలాంటి ఉత్తరం రాయించరు.

ఉత్తరంతో పాటు ఒక పట్టిక ఉంది. వ్యాను డ్రైవరు రాకపోకల పుస్తకం పక్కన పెట్టుకుని, తాను ఏ వేళకు ఏ షెడ్డులో ఉందో తేల్చి, ఐదు వందల పన్నెండు గళ్ళలో నిజంగా చూసినవి నూట నలభై మూడేనని గడిగడికీ గుర్తుపెట్టింది. మేము ఆ పుస్తకంతో మళ్ళీ సరిచూశాం. ఒక్క గడి కూడా తనకు అనుకూలంగా వేసుకోలేదు. రెండు చోట్ల తనకు వ్యతిరేకంగా పొరబడింది; అవి కలిపితే చూసినవి నూట నలభై ఐదు.

విచారణలో నేనొక ప్రశ్న వేశాను. “మీ విభాగంలో మిగతావారూ ఇలాగే పెడతారా?”

“అది వాళ్ళనే అడగాలండీ. నేను నా సంగతి చెప్పుకోవడానికి వచ్చాను.”

ఈ జవాబును తోటి సభ్యులు మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. ఒకరి తప్పు చెబితే ఒకరిని శిక్షించవచ్చు. అలవాటు బయటపెడితే పద్ధతినే మార్చవచ్చు. మిగిలిన ఐదుగురూ అలాగే పెడుతున్నారని మేము కనుక్కోవడానికి మరో నాలుగు నెలలు పట్టింది.

నమోదును పద్దెనిమిది నెలలు నిలిపివేశాం. రద్దు చేయకపోవడానికి కారణం ఆ పట్టిక. దయ కాదు. నియంత్రణ సంస్థ తన నిర్ణయాన్ని పద్నాలుగు నెలలు వాయిదా వేసింది. అన్నాళ్ళూ షెడ్లలో పొడిగానే కోశారు, ఆ దుమ్మును అక్కడివాళ్ళు పీల్చారు. ఆ నెలలకు కారణం ఆమె ఉత్తరమని షెడ్ల దగ్గర కొందరు అంటారు. కాదు, ఆమె సంతకాలు. పెద్దాయనకు దగ్గు అంతకు ముందు నుంచే ఉంది. అది ఆమె వల్ల పెరిగిందనడానికీ, తగ్గిందనడానికీ ఆధారం లేదు. కొత్తగా నలుగురు గంటగంటకూ నిలబడి కొలిచారు. దుమ్ము పరిమితికి మూడింతలు తేలింది. పొడి కోత ఆగిపోయింది. ఆ ఘనత ఆ నలుగురిది. ఆమె ఆ రోజుల్లో వాళ్ళ పంపుల పెట్టెలు మోసింది. ఏ ఫారం మీదా ఆమె సంతకం లేదు.

ఆమె ఎవరినీ అమ్ముకోలేదు, ఎవరి మీదా పగ తీర్చుకోలేదు, ఎవరి ప్రాణమూ కాపాడలేదు. మూడు వందల అరవై ఏడు గంటలు చూడకుండానే చూశానని రాసింది. అది తప్పు, చిన్నది కాదు. పదకొండు రోజులు దాన్ని దాచింది. పన్నెండో రోజున, ఇంకా ఎవరూ అడగకముందే, ఆ గంటలన్నీ ఒక్కొక్కటిగా ఏరి తన పేరు మీద రాసి ఇచ్చింది. ఆమె చేసింది ఇంతే.