నేను మూడుసార్లు రాసిన కొల్లేరు గేమ్

కొల్లేరు సరస్సుకి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు గీత లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది నేను ఏలూరు పక్కన వట్లూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ ప్రాజెక్టుల పోటీకి కొల్లేరు మీద ఒక గేమ్ రాశాను. ఆడేవాడు పొక్లెయిన్ నడుపుతాడు. గట్టు కొడితే పది పాయింట్లు, పక్షి దిగితే ఐదు. చెరువు కాపలామనిషి అడ్డొస్తే గుద్దుకుంటూ పోవాలి. పన్నెండు గట్లూ పోయాక సరస్సు నీలంగా మారుతుంది.

బొమ్మలు గీసింది నా రూమ్మేటు. వాడిది కొల్లేరు మధ్యలో ఉన్న కొల్లేటికోట. గూడబాతులు, పడవలు, చేపల మేతకు తవుడు సంచులు వేలాడే కర్రలు, కాపలామనిషి అన్నీ విడివిడిగా గీసిచ్చాడు. ఆట ఏమిటో నేను చెప్పలేదు. వాళ్ళ నాన్నకు వాటా ఉన్న చెరువు గట్టు కూడా పోయిందని నాకు తెలుసు. గేమే కదా అనుకున్నాను.

గేమ్ తయారయ్యాక వాడు ఆడటం మొదలుపెట్టి రెండు గట్లు కొట్టాడు. కాపలామనిషి దగ్గరకొచ్చేసరికి కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు.

"ఆ లుంగీ మా నాన్నదిరా. చూసే గీశాను. నా బొమ్మలు తీసెయ్."

పోటీ ఎనిమిది రోజుల్లో ఉంది. నాకు గీత గీయడం రాదు. అంతకన్నా, మూడేళ్ళుగా ఒకే గదిలో ఉన్నవాడు నా వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు.

"గేమ్‌లో రాజకీయాలు వద్దంటావా?"

"ఉండనీ. మా ఇంట్లోనే రెండు పార్టీలు, అన్నం దగ్గర రోజూ వాదించుకుంటాం. నీ గేమ్ ఎన్నికలకి మైకు కట్టిన ఆటో. అది చెప్పుకుంటూ పోవడమే, మనం అడుగుదామంటే ఆగదు."

"మ్యాపు, పక్షుల పేర్లు, అన్నీ సరిచూశాను."

"ఆటోలో చెప్పేవి కూడా ఒక్కోసారి కరెక్టే."

మూడు రోజులు కూర్చుని తిరగరాశాను. ఈసారి ఆడేవాడు చెరువు రైతు. పొక్లెయిన్లు శత్రువులు. గట్టు కాపాడితే పది పాయింట్లు. వాడు చూసి నవ్వాడు. "ఇది మా పార్టీ ఆటో," అన్నాడు. బొమ్మలు వాడుకోమని మాత్రం అనలేదు.

ఆ ఆదివారం వాళ్ళ నాన్న వలలు కొనడానికి ఏలూరు వచ్చి మా గదికి వచ్చారు. రెండు ఆటలూ చూపించాను. గట్టు తెగినచోట తెర మీద వేలు పెట్టి, "ఈ నీళ్ళు ఎటెళ్ళాయి బాబూ?" అని అడిగారు.

నిజానికి ఎటూ వెళ్ళలేదు. గట్టు తెగగానే ఆ చెరువు నీటిమట్టాన్ని సున్నా చేసే లైను ఒకటి కోడ్‌లో రాశాను. రెండు ఆటల్లోనూ అదే లైను.

"సున్నా చేశానండి."

"సున్నా ఎందుకవుద్దయ్యా. మేం గట్లేసినప్పుడు వానాకాలం నీళ్ళు ఎగదన్ని పైవాళ్ళ చేలు మునిగాయి. గట్లు కొట్టినప్పుడు మా చేపతో సహా ఉప్పుటేట్లో పడి సముద్రానికి పోయాయి. ఎప్పుడూ ఎవడో ఒకడి మీదికే పోతాయి."

"అయితే గట్టెయ్యడం మన తప్పంటావా నాన్నా?" అన్నాడు వాడు.

"నీ ఫీజు దాన్లోంచే వచ్చింది కదరా. ఏమనమంటావు?"

ఆయన వెళ్ళాక ఆ లైను తీసేశాను. మ్యాపును గడులుగా విడగొట్టాను; ఒక గడిలో తగ్గిన నీరు పక్క గడిలో పెరగాలి. చేలున్న గడులు, ఊళ్ళున్న గడులు కలిపాను. ఎవరి వైపు ఆడాలో మొదట ఆడేవాడే ఎంచుకోవాలి. పాయింట్లు తీసేశాను. కాపలామనిషిని గుద్దితే ఆట ఆగిపోతుంది.

వాడు చెరువు వైపు ఎంచుకున్నాడు. నాలుగో గట్టు వేసేసరికి ఎగువ చేలు మునగడం మొదలైంది. కాసేపు చూసి ఒక గట్టు తనే తెంపాడు. చేపలు పోయాయి, చేలు సగం తేలాయి.

"ఓడిపోయానా?"

"అది గేమ్ చెప్పదు."

వాడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు, ఈసారి ఎగువ రైతు వైపు. ఒక గంట ఆడాడు. నేను పోటీ ఫారం నింపుతూ, రెండో పేరు గడి దగ్గర ఆగి, ఖాళీగా వదిలెయ్యనా అని అడిగాను.

"పెన్ను ఇటివ్వు," అన్నాడు.