తోకక్క విన్న ఈల

అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళ వెంట ఎప్పుడూ చివరన నడుస్తుంది కాబట్టి ఆవిడకు తోకక్క అని పేరు పడింది. ముందు దారి చూపిస్తూ నడిచేవాడు ఆవిడ మొగుడు. పిల్లలూ ముసలివాళ్ళూ కూడా ఆయాసపడకుండా తిరిగొచ్చే బాట అది. అరిస్తే జంతువులు బెదురుతాయని మొగుడూపెళ్ళాలు ఈలలతోనే మాట్లాడుకునేవాళ్ళు.

కిందటేడు ఒక పొద్దున చిన్న మాట మీద తగువు పెరిగింది. బాట చూసొస్తానని విసురుగా వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అటవీ సిబ్బంది వెతుకుతామంటే తోకక్కే వద్దంది. "కళ్ళకు గంతలు కట్టినా ఈ అడవిలో దారి తప్పే మనిషి కాదండీ ఆయన. పోవాలనే పోయుంటాడు." లోకం నోటికి మూకుడెక్కడిది? ఎవరితోనో లేచిపోయాడన్నారు. ఆవిడా నమ్మింది. నమ్మి, ఆ కోపంతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

ఇవాళ వచ్చింది ఒక సైన్సు మాస్టారూ, ఆయన కూతురూ. వానలు వెలిశాయేమో, గడ్డి నిండా నీలం పూలు. జింకలు తలెత్తి చూసి, వీళ్ళను పూచికపుల్లపాటి కూడా లెక్కచేయకుండా మళ్ళీ మేతలో పడ్డాయి. కూతురు పువ్వు పువ్వుకీ కూలబడి ఫోటో తీస్తోంది.

"ఇలాగైతే మనం చేరేసరికి పూలన్నీ కాయలైపోతాయమ్మా," అని తోకక్క నవ్వించింది.

లోయ వైపు మలుపు తిరగ్గానే కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. గాలి కూడా లేదు. కింద నుంచి ఈల వినిపించింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది.

తోకక్క ఠక్కున ఆగింది. 'కదల్లేను, రా' అని దానర్థం. పెళ్ళైన కొత్తలో అనుకున్న గుర్తు. ఒక్కనాడూ దాని అవసరం పడలేదు, ఆ ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. మళ్ళీ వినిపించింది. విరిగిన పన్ను సందులోంచి గాలి జారే చప్పుడుతో సహా ఆయనదే.

"మీవాళ్ళా అమ్మా?" అన్నారు మాస్టారు.

ఆవిడ బాట దిగింది. పొదలు తప్పించుకుంటూ లోయ అంచుకు పరుగెత్తింది. అక్కడ కొమ్మ మీద పొడుగు తోక నల్లపిట్ట ఒకటి కూర్చుని ఉంది. ముక్కు తెరిచి ఆయన ఈల వేసింది.

వెనకే వచ్చిన మాస్టారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఓస్, ఇదా! విన్న కూతల్లా కూసే పిట్ట. ఎక్కడో విని పట్టేసుంటుంది."

"ఒక్కసారి వింటే పట్టదు సార్." తోకక్క లోయలోకి తొంగిచూసింది. "మళ్ళీ మళ్ళీ వినాలి. రోజుల తరబడి వినాలి."

మాస్టారు కూతురి చెయ్యి పట్టుకున్నారు. కింద లోయలో మనిషి కాలు పడని చోట పూలు నడుమెత్తున విరగబూసి ఉన్నాయి.

తోకక్క రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుంది. మొదట గాలే వచ్చింది. రెండోసారి గట్టిగా జవాబు ఈల వేసింది, 'వస్తున్నా' అని.

పిట్ట మెడ వంచి వింత చూసినట్టు చూసింది. ఆ ఈల అదెన్నడూ వినలేదు.